ఆడబిడ్డకు నిండైన పేరు
(తెలుగు సంఘము ఉగాది సభలో చదివిన ఉపన్యాసము)



సంఘమువారు మమ్ము మాట్లాడుమని అడిగినపుడు, ఇంటికి పనికివచ్చు సంగతి ఏదైన చెప్పుమని కోరినారు. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, రైల్వేలో గుమాస్తాగా చేరి, పొద్దంతయు పరుల పేర్లు వ్రాయుటయే పనిగా నున్నవారము. కావున పేర్లను గురించియే నాలుగు మాటలు చెప్పుదుమని నిశ్చయించినాము. అందులోను ఆడబిడ్డ పేరు. పుట్టిన ఆడపిల్లకు నిడివి గలిగి చెవికి ఇంపైన పేరు పెట్టవలెనా, లేక రెండక్షరములతో సరిపెట్టవలెనా అను వాదము ఈనాడు మన తూర్పు పేటలలో ప్రతి తొట్టెల దగ్గరను జరుగుచున్నది.

నేడు మనకు ఉగాది, మన మరాఠీ సోదరులకు గుడి పాడవా. రెండును ఒకే చైత్ర శుద్ధ పాడ్యమి. కాలమునకు కూడ పేరు పెట్టుట మన పంచాంగపు ఆచారము. ప్రభవ మొదలు అక్షయ వరకు 60 పేర్లున్నవి. అందులో శుభకృత్తు కలదు, దుర్ముఖి కూడ కలదు. ఏటి పేరు వరుస ప్రకారము వచ్చును, దానిని మార్చుట మన వశము కాదు. బిడ్డ పేరు మాత్రము మన చేతిలోనిది. చేతిలోనున్న దానినైన శ్రద్ధగా చేయవలెను గదా.

మొదట మన వెనుకటి కథ కొంచెము చెప్పుకొందము. బొంబాయి వైపు నుండి సోలాపురమునకు రైలు 1860లో వచ్చినది. వాడి నుండి సికింద్రాబాదుకు నిజాము రైలుదారి 1874లో తెరువబడినది. 1876–78 సంవత్సరముల గొప్ప కరువు దక్కను నంతయు పీడించినది. ఆ దశాబ్దముననే ఇచ్చట, నేటికిని మనవారు జూనీ మిల్లు అని చెప్పుకొను నూలు మిల్లు వెలసినది. అటు కరువు, ఇటు పని, నడుమ దారి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతముల నేతగాండ్రు ఒకరి వెంట ఒకరు వచ్చి ఈ పేటలలో చేరిరి. వారి వెంట వచ్చిన స్త్రీల పేర్లు లచ్చవ్వ, రాజవ్వ, నర్సవ్వ, మల్లవ్వ, ఎల్లవ్వ. ఇచ్చటి కాగితములలో ‘అవ్వ’ పోయి ‘బాయి’ చేరినది. లచ్చవ్వ లక్ష్మీబాయి అయినది, ఎల్లవ్వ ఎల్లూబాయి అయినది. ఇంటిపేర్ల చివరి అచ్చు రాలిపోయినది. ఏముల వారు ఏముల్ అయిరి. ఎవరును బలవంతము చేయలేదు. వ్రాయువాని చెవికి ఎట్లు వినబడెనో అట్లు వ్రాసినాడు, మనవారు వ్రేలిముద్ర వేసినారు. పేరు చదువుకొనలేనివానికి తన పేరు మారిన సంగతి కూడ తెలియదు.

ఇప్పుడు అట్లు లేదు. మన ఆడపిల్లలు పాఠశాలలకు, కళాశాలలకు పోవుచున్నారు. అయినను పేర్లు మాత్రము కురచ యగుచున్నవి. రియా, దియా, సియా, మియా! ఒకే సందులో నాలుగు ఇండ్లకు ఇవే పేర్లు. ఇటీవల మా వీధిలో ఒక అవ్వ కోడలిని అడుగుచుండగా విన్నాము.

“ఏం పేరు పెడ్తున్నరు బిడ్డా?”

“ఆర్యా అని, అత్తమ్మా.”

“అది పిలగాని పేరు గాదా?”

“ఇద్దరికీ పెడ్తరత్తమ్మా.”

“గట్లనా? అయితే పుట్టింది పిల్లనో పిలగాడో మల్ల ఒక్కతీరుగ అందరికి చెప్పుకుంట పోవాలె!”

నవ్వుకొనవచ్చును గాని, చిన్న పేరు కోరువారి వాదమును కూడ న్యాయముగా వినవలెను. వారు చెప్పు కారణములు నాలుగు. పెద్ద పేరు బడిలో తెగి ముక్కలగును. ఫారముల గళ్ళలో పట్టదు. మరాఠీవారు, కన్నడమువారు, హిందీవారు పలుకలేరు. ఎట్లును పెండ్లి తరువాత మారునదే గదా, ఇంత తర్జనభర్జన ఎందుకు? ఈ నాలుగింటికిని వరుసగా సమాధానము చెప్పుటకు ప్రయత్నించెదము.

మొదటిది తెగుట. పేరు తెగుట తప్పు కాదు. ఇంటిలో ముద్దుపేరు లేని బిడ్డ ఉండునా? మన వృత్తిలోని పోలికయే తీసికొందము. పడుగు పొడుగుగా పోసినవాడు ఎంత కావలెనన్న అంత గుడ్డ కోసికొనగలడు. కురచ పడుగు పోసినవాడు నడుమ అతుకు పెట్టవలెను. పద్మావతిని ఇంటిలో పద్మ అనవచ్చును, పద్దూ అనవచ్చును. ఆమె పెద్దదై నలుగురిలో నిలిచిన నాడు పద్మావతియే యగును. ఒకటే జాగ్రత్త వలయును. పేరును ఎచ్చట తెంపినను మిగిలిన ముక్కకు చెడ్డ అర్థము రాకూడదు. తెలుగులోనే గాక మరాఠీలోను, హిందీలోను కూడ చూచుకొనవలెను. ఇది తొట్టెలకు ముందు పది నిమిషముల పని.

రెండవది గళ్ళు. దీనిని గూర్చి మాకు కొంత అనుభవము కలదు. మా రైల్వే టికెట్టు మీద పేరునకు కొన్ని అక్షరముల చోటే ఉండును. పెద్ద పేర్లు తెగుట నిజమే. కాని చిత్రము చూడుడు. అమృతవర్షిణి అని తెలుగున వ్రాసిన ఆరక్షరములు. అదే ఇంగ్లీషున వ్రాసిన పదునాలుగు. హంసధ్వని మనకు నాలుగక్షరములే, ఇంగ్లీషున పదునొకండు. మన పేర్లు పెద్దవి కావు, పరుల లిపిలో పెద్దవి యగుచున్నవి. గడి చాలనిచోట ఇంటిపేరును, తండ్రి పేరును పొడి అక్షరములుగా కుదించి బిడ్డ పేరును పూర్తిగా వ్రాయవచ్చును. యంత్రపు గడి చిన్నదని బిడ్డ పేరునే కత్తిరించుట, చెప్పు కరచుచున్నదని కాలి వ్రేలు కోసికొన్నట్లు.

మూడవది పలుకుబడి. ఇది గట్టి మాటయే. మనము మూడు భాషల నడుమ నున్నవారము. దేవనాగరిలో మన ఎ, ఏలకు గాని, ఒ, ఓలకు గాని భేదము చూపు అలవాటు లేదు. కావున ఆ హ్రస్వములున్న పేరు ఇచ్చట కొంచెము వంకర పోవును. తెలుగు మాట అచ్చుతో ముగియును, మరాఠీ నోట చివరి అకారము రాలిపోవును. కాని ఆడపిల్ల పేరు ఇకారముతోనో, దీర్ఘముతోనో ముగిసినచో ఏ నోటను రాలదు. కల్యాణి, భారతి, సరోజిని, ఇందిర అనునవి మూడు భాషలలోను క్షేమముగా తిరుగును. మన మార్కండేయుని కథలో భావనాఋషి పత్ని భద్రావతి. ఆమె పేర ఇచ్చట భద్రావతి పేట యున్నది. మరాఠీవారు, కన్నడమువారు, ముస్లిములు, రిక్షావాండ్రు, తపాలా బంట్రోతులు అందరును ఆ పేరును దినమునకు పదిమార్లు పలుకుచునే యున్నారు. ఎవరి నాలుకయు నొచ్చలేదు.

ఇంకొక సంగతి మగ్గములవారికి చెప్పనక్కరలేదు. తువాళ్ళ మగ్గములు నాలుగు ఒక్కసారి ఆడుచుండగా లోపలి గదినుండి “దియా” అని పిలిచిన వినబడదు. “భద్రావతీ” అని పిలిచిన చివరి దీర్ఘము ఆ మోతను దాటి వీధి దాక పోవును. పూర్వులు పేర్ల చివర దీర్ఘము కోరుట ఊరక కాదు.

శాస్త్రము కూడ కొంత చూచినాము. పారస్కర గృహ్యసూత్రము ఆడపిల్ల పేరు బేసి అక్షరములతో నుండవలెనన్నది. మనుస్మృతి రెండవ అధ్యాయమున, స్త్రీ పేరు సుఖముగా పలుకదగినదై, క్రూరము కానిదై, అర్థము స్పష్టమై, మనోహరమై, దీర్ఘముతో ముగిసి, ఆశీర్వాదము వలె నుండవలెనన్నది. ఈ మాట బాగున్నది. కాని దీనికి రెండు శ్లోకముల ముందే, శూద్రుని పేరు జుగుప్స కలిగించునదిగా నుండవలెనని కూడ అదే గ్రంథమున నున్నది. మొదటి మాట తీసికొందము, రెండవదానిని అచ్చటనే విడిచిపెట్టుదము. కష్టపడి బ్రతుకువాని బిడ్డకు అందమైన పేరు తగదను మాటకు మన జవాబు, ఉన్నంతలో అందరికన్న అందమైన పేరు పెట్టుటయే.

ఈ మాట ఎందుకు గట్టిగా చెప్పుచున్నామనగా, హీనమైన పేర్ల కథ మన తెలుగునాట కూడ ఉన్నది. పుట్టిన పిల్లలు దక్కనిచోట, మృత్యువు కన్నుపడకుండునని పెంటమ్మ, పెంటయ్య అని పేర్లు పెట్టుచుండిరి. అది భయముతో కూడిన ప్రేమ, దానిని మేము పరిహసించము. కాని ప్రేమ లేని పేర్లు కూడ కలవు. మన మహారాష్ట్రమున, మనకు దూరము కాని సాతారా జిల్లాలో, మగపిల్లవానికై ఎదురుచూచిన ఇండ్లలో ఆడబిడ్డలకు ‘నకుసా’ అని పేరు పెట్టిరి. వద్దనుకొన్నది అని దాని అర్థము. 2011 అక్టోబరులో ఆ జిల్లాలో అటువంటి 285 మంది బాలికలకు సభ చేసి కొత్త పేర్లు పెట్టినారు. ఒక్కసారి ఆలోచింపుడు. నీవు మాకు వద్దు అను మాటను ఆ బిడ్డలు ప్రతి దినము బడి హాజరులో లేచి నిలిచి, “ఉన్నాను” అని ఒప్పుకొనుచుండిరి. పేరనగా ఏమని ఇంకను ఎవరైన అడిగిన, ఈ సంగతి చెప్పుడు.

ఇక ఇంపైన పేర్లు ఎచ్చట దొరకునందురా? మన సంగీతమే పెద్ద గని. కల్యాణి, భైరవి, సావేరి, శ్రీరంజని, చారుకేశి, కీరవాణి, మధ్యమావతి, అమృతవర్షిణి, గౌరీమనోహరి. ఇవి రాగముల పేర్లు, ఆడపిల్లల పేర్లు కూడ. హంసధ్వని రామస్వామి దీక్షితులవారు కల్పించినదని చెప్పుదురు. అది దక్షిణమున పుట్టి ఉత్తరాది గవాయీల నోటికెక్కి హిందూస్తానీలో కూడ స్థిరపడినది. మనవలెనే వలస వచ్చి గౌరవముగా బ్రతుకుచున్న రాగము! మధ్యమావతి కచేరీ చివర మంగళముగా పాడునది, అక్షరములు ఐదు, బేసి లెక్కకు కూడ సరి. వానకు మొగము వాచిన మన జిల్లాలో అమృతవర్షిణి అని పిలుచుటకే నోరు చల్లబడును.

ఇందులో ఒక వేడుక కూడ కలదు. మేళకర్త రాగముల పేర్లలో మొదటి రెండక్షరములు కటపయాది లెక్కచే ఆ రాగపు సంఖ్యను చెప్పును. గౌరీమనోహరిలో గ కు 3, ర కు 2. త్రిప్పి చదివిన 23. అది ఇరువదిమూడవ మేళము. కీరవాణిలో క కు 1, ర కు 2. అది 21. చారుకేశి 26. తన పేరులోనే ఒక లెక్క దాగియున్నదని పదేండ్ల పిల్లకు చెప్పి చూడుడు, ఆ పేరును ఎవరైన తప్పు వ్రాసిన ఊరకొనదు.

పొడుగు పేరొక్కటే గొప్పదని మా వాదము కాదు. తెలుగున రామాయణము వ్రాసిన మొల్ల పేరు రెండక్షరములే. లతా మంగేష్కరు పేరు కూడ అంతే. ‘పేరు గొప్ప ఊరు దిబ్బ’ అను సామెతను మేము మరువలేదు. కాని మొల్ల అనగా మల్లెజాతి పువ్వు, లత అనగా తీగ. చిన్నవైనను అర్థము గల పేర్లు. అర్థము అడిగిన తల్లిదండ్రులే ఫోను తీసి వెదుకవలసిన పేరు మాత్రము వద్దని మా మనవి.

ఇప్పుడు కాగితముల సంగతి. ఇది కొంచెము విసుగైనను ఓపికతో వినుడు, మీకు పనికివచ్చును. 1969 జనన మరణముల నమోదు చట్టము ప్రకారము జననమును 21 దినములలో తెలుపవలెను. పేరు లేకుండ నమోదైన బిడ్డ పేరును, నమోదు తేదీ నుండి 12 నెలలలోపల రుసుము లేకుండ చేర్చుకొనవచ్చును. ఆ పిమ్మట 15 ఏండ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చుకొనవచ్చును. కావున ఆసుపత్రిలో ఎవరో తొందరపెట్టినారని నోటికి వచ్చిన పేరు చెప్పనవసరము లేదు. తొట్టెల అయి, పెద్దలందరును ఒప్పుకొన్న తరువాత వ్రాయించుకొనుడు. కాని ఏడాది దాటనీయకుడు. 2023 అక్టోబరు 1 నుండి సవరణ చట్టము అమలునకు వచ్చినది. ఆ తేదీ నుండి పుట్టినవారికి బడిలో చేర్చుటకు, ఓటరు పట్టికకు, వాహనపు లైసెన్సునకు, పెండ్లి నమోదునకు, ప్రభుత్వోద్యోగమునకు పుట్టిన తేదీ, స్థలము రుజువు చేయు పత్రము జనన ధ్రువపత్రమే. అందులో పడిన అక్షరము బిడ్డ వెంట జీవితమంతయు నడచును.

మహారాష్ట్ర ప్రభుత్వము ఇంకొక మంచి పని చేసినది. 2024 మే 1 నాడును, ఆ తరువాతను పుట్టినవారి పేరులో మొదట బిడ్డ పేరు, పిమ్మట తల్లి పేరు, పిమ్మట తండ్రి పేరు, చివర ఇంటిపేరు వ్రాయవలెనని నిర్ణయించినది. పేరు పొడుగైనదని కొందరు సణుగుచున్నారు. తొమ్మిది నెలలు మోసిన తల్లి పేరునకు ఒక గడి ఇచ్చుటకు చోటు చాలదా? ఈ పద్ధతిలో ఈనాటి ఆడపిల్ల పేరు రేపు ఆమె బిడ్డల పేరులో కూడ నిలుచును. కావున మనము ఒక్క బిడ్డకే పేరు పెట్టుటలేదు, ఆమె కడుపున పుట్టబోవు వారి పేరులో రెండవ మాటను కూడ ఇప్పుడే వ్రాయుచున్నాము.

అక్షరక్రమము ఒకటి స్థిరము చేసికొనుడు. తెలుగునాట బంధువులు ‘త’ కు ఇంగ్లీషున టీ, హెచ్ రెండును వ్రాయుదురు. ఇచ్చటివారు టీ ఒక్కటే వ్రాయుదురు. ఒక కాగితమున ఒకటి, ఇంకొక కాగితమున ఇంకొకటి పడినచో ఒకే పద్మావతి ఇద్దరగును. ఏది బాగను వాదము వద్దు. ఏదో ఒకటి నిర్ణయించి, ఇంగ్లీషున, దేవనాగరిలో, తెలుగున మూడు వరుసలుగా ఒక కాగితము మీద వ్రాసి ఇంటిలో నుంచుకొని, ఎక్కడికి పోయినను దానిని చూచి వ్రాయించుడు. మన బీడీలు చేయు తల్లులలో ఒకరికి కార్డులో నర్సుబాయి, బ్యాంకులో నర్సమ్మ, ఆధారులో లక్ష్మీనర్సమ్మ అని యుండిన ఆ తల్లి ఎన్ని గుమ్మములు ఎక్కి దిగవలెనో ఈ సభలో చాలమందికి తెలియును. కుంభారి దగ్గర స్త్రీ బీడీ కార్మికులకై కట్టిన గోదూతాయి పరులేకర్ వసాహతులో పదివేల ఇండ్లు 2006లో వారి చేతికి వచ్చినవి. ఇల్లు స్త్రీ పేర రావలెనన్న ఆ స్త్రీకి ఒక స్థిరమైన పేరు ఉండవలెను గదా.

నాల్గవది, అన్నిటికన్న బరువైనది. పెండ్లి తరువాత మారునదే కదా అను మాట. మన చుట్టును, పెండ్లినాడు పళ్ళెములోని బియ్యములో వరుడు కొత్త పేరు వ్రాసి, అది చదివి, వధువు పాత పేరును తీసివేయు ఆచారము కలదు. మనవారిలో కూడ కొందరు దానిని పట్టుకొన్నారు. పరుల ఆచారమును నిందించుట మా ఉద్దేశము కాదు. మరాఠీ ఇండ్లలోనే ఇప్పుడు చాలమంది దీనిని విడుచుచున్నారు. కాని ఆలోచింపుడు. ఆ బియ్యములోనే, అటువంటి పళ్ళెములోనే, పుట్టినపుడు తండ్రి వ్రాసినాడు, మేనత్త చెవిలో చెప్పినది, అమ్మమ్మ తొట్టెల ఊపి పాడినది. ఇరువదేండ్లు ఆ పేరుతో పిలిపించుకొని, ఆ పేరుతో పరీక్షలు నెగ్గిన బిడ్డను, ఒక పూటలో ఇంకొకతెగా చేయుట ఏమి న్యాయము? పెండ్లియైన స్త్రీ పేరు మార్చుకొనవలెనని ఏ చట్టమును నిర్బంధించదు. ఆమెకు ఇష్టమైన మార్చుకొనును, అది ఆమె స్వతంత్రము. మనము మాత్రము ‘ఎట్లును మారునదే’ అని పుట్టిననాడే చులకన చేయరాదు. సంబంధము మాట్లాడునాడు కట్నకానుకల సంగతి గంటలకొలది మాట్లాడుదుము. “పిల్ల పేరు మార్చము” అని ఒక్క మాట కూడ అప్పుడే అనిపించుకొనుటకు ఏమి ఖర్చు?

దూరదేశమున పెట్టిన ఒక పేరు చెప్పి ముగించెదము. మన సోలాపురమున 1910లో పుట్టిన డాక్టరు ద్వారకానాథ కోట్నీసుగారు చీనాకు పోయి, యుద్ధమున గాయపడినవారికి సేవచేసి, అచ్చటి నర్సు గువో చింగ్‌లాన్‌ను వివాహమాడిరి. 1942లో వారికి కొడుకు పుట్టినాడు. ఆ పిల్లవానికి ఇన్‌హువా అని పేరు పెట్టిరి. ఇన్ అనగా భారతదేశము, హువా అనగా చీనా. అదే ఏడు డిసెంబరు 9న తండ్రి పోయినాడు. పసివానికి తండ్రి ముఖము గుర్తుండు వయస్సు కాదు. తండ్రి దేశము మాత్రము పేరులో మిగిలినది.

మన స్థితియు కొంత అటువంటిదే. మన పిల్లలు ఇంటిలో తెలుగు మాటలాడుదురు, బడిలో మరాఠీ, ఇంగ్లీషు చదువుదురు. తెలుగు అక్షరములు చదువగలవారు ఏటేట తగ్గుచున్నారు. ఈ సంచికను రేపు ఎందరు పిల్లలు చదువగలరో మీరే లెక్క చూడుడు. తెలుగు చదువు వారికి అందునో లేదో గాని, తెలుగు నాదము గల ఒక్క నిండు పేరు మాత్రము మనము తప్పక ఇయ్యగలము. దానికి డబ్బు అక్కరలేదు, సిఫారసు అక్కరలేదు, సెలవు చీటి అక్కరలేదు. ఆ పేరును తెలుగులో వ్రాయుట ఆమెకు నేర్పినచో, నాలుగైదు తెలుగు అక్షరములైన ఆ యింట నిలుచును. అచ్చట మొదలుపెట్టినవారు మిగిలినవి నేర్చుకొనుట కష్టము కాదు.

ఈ ఏడు మన పేటలలో పుట్టబోవు ఆడబిడ్డలందరు నిండైన పేర్లతో, నూరేండ్ల ఆయువుతో, పుట్టినింటను మెట్టినింటను ఒకే పేరుతో వర్ధిల్లుదురు గాక అని కోరుచున్నాము. పచ్చడి సిద్ధముగా నున్నదని లోపలినుండి కబురు వచ్చినది.